చెప్పమ్మా... వింటాను!

రక్తపరీక్ష ఒకటి చెబుతుంది. ఎక్స్‌రే ఒకటి చెబుతుంది. స్కానింగ్ ఇంకోటి చెబుతుంది. మరి రోగి చెప్పేది? ఆ మాటను కూడా పరీక్ష ఫలితమంత శ్రద్ధగా రాసుకుని, పోల్చి, అర్థం తేల్చే విద్య ఒకటుంది. గుణాత్మక పరిశోధన అంటారు దాన్ని. దానికి పుట్టిల్లు లాంటి చోట్లలో నర్సింగ్ కళాశాల ఒకటి. మన దగ్గర అది బయటపెట్టిన సంగతులు చిన్నవేం కావు.

తార్నాక నుంచి హబ్సిగూడ చౌరస్తాకు వచ్చి ఎడమకు తిరిగితే నాచారం. తిరక్కుండా నేరుగా పోతే ఉప్పల్. ఈ కాస్త దారిలో ఉన్నన్ని కొలిచే యంత్రాలు రాష్ట్రంలో మరో చోట ఉండవేమో! తార్నాకలో ఐఐసీటీ... రసాయనాల లెక్క దానిది. ఆ దగ్గర్లోనే జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్ఐఎన్... మన పళ్లెంలోని అన్నం లెక్క దానిది. హబ్సిగూడ దాటితే సీసీఎంబీ కణంలోకి తొంగి చూస్తుంది. ఎన్‌జీఆర్ఐ ఏకంగా భూమి నాడి పడుతుంది. మెట్రోలో వెళ్తే ఒక స్టేషన్‌కి దాని పేరే పెట్టారు. ఇంకొంచెం ముందుకెళ్తే దేశం పటాలు గీసే సర్వే ఆఫ్ ఇండియా.

ఇక ఎడమ చేతివైపు నాచారం. సినిమా వాళ్లకు అది రామకృష్ణా స్టూడియో ఉన్న ఊరు. మిగతా లోకానికి పారిశ్రామికవాడ. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి... ఒకదాన్నానుకుని ఒకటి అన్నీ షెడ్లే. మందులు, ప్లాస్టిక్, ఇంజినీరింగ్ సామాన్లు, ప్యాకింగ్. నల్గొండ, వరంగల్, పాలమూరు పల్లెల నుంచి వచ్చినవాళ్లూ, ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లూ షిఫ్టుల లెక్కన పనిచేస్తుంటారు. ఒంట్లో బాగోకపోతే వీళ్లలో కార్డు ఉన్నవాళ్లకు నాచారం ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. లేనివాళ్లకు బస్తీ దవాఖానా, కాదంటే వీధి చివర ఆర్ఎంపీ.

ఇలాంటి చోట ఓ ప్యాకింగ్ సెక్షన్‌లో రోజంతా నిలబడి పనిచేసే నలభై ఏళ్ల మహిళ ఓపీకి వచ్చిందనుకుందాం. సిస్టర్ బీపీ చూస్తుంది. కార్డు మీద రాస్తుంది. బరువు చూస్తుంది. రాస్తుంది. ‘‘ఏమైందమ్మా?’’ అంటుంది.

‘‘పానం బాగలేదు సిస్టర్.’’

బీపీకి గడి ఉంది. బరువుకి గడి ఉంది. ఈ మాటకే గడి లేదు. మహా అయితే ‘జనరల్ వీక్‌నెస్’ అని రాస్తారు. పక్కన బీ కాంప్లెక్స్ గోళీలు. వెనక వరసలో ఇంకా చాలామంది ఉన్నారు. తరవాత ఎవరు?

ఎవర్నీ తప్పుపట్టాల్సిన పనిలేదు. అంత రద్దీలో అంతకంటే వీలుకాదు. కానీ ఆ మూడు మాటల్లో ఏముందో తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది.

పానం అంటే ఏంటి?

పానం అంటే ప్రాణం. తెలంగాణలో పానం బాగలేదంటే ఒంట్లో బాగాలేదని. అదే మాట జ్వరానికీ పనికొస్తుంది, దిగులుకీ పనికొస్తుంది. ‘కాళ్లు గుంజుతున్నయ్’ అంటే నరాల జబ్బు కావచ్చు, రక్తం తక్కువ కావచ్చు, పది గంటలు నిలబడటమూ కావచ్చు. ‘వేడి చేసింది’ అన్నప్పుడు థర్మామీటర్ పెడితే ఏమీ తేలదు. అది జ్వరం కాదు మరి! మూత్రంలో మంట నుంచి నోట్లో పుండు దాకా తెలుగువాళ్లకు అన్నీ వేడి చేయడమే. ‘గుండెల్లో గుబులు’ అని ఒకామె అంటే ఈసీజీ తీయాలా, పక్కన కూర్చోబెట్టి ఇంట్లో సంగతులు అడగాలా?

కోస్తా నుంచి వచ్చిన సిస్టర్‌కో, కేరళ నుంచి వచ్చిన సిస్టర్‌కో ఇది మరీ చిక్కు. మాట తెలుగే. కానీ ఆ తెలుగు కాదు. ఆమె మనసులోనే తర్జుమా చేసుకుని ఇంగ్లిష్‌లో కేస్ షీటు మీద రాసేసరికి అసలు మాట సగం జారిపోతుంది.

అన్నిటికన్నా కష్టమైన మాట ‘తెల్లబట్ట’. ఆడవాళ్లు గొంతు తగ్గించి చెప్పే మాట. డాక్టర్లకు వెంటనే తట్టేది ఇన్‌ఫెక్షన్. గోవాలో డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం 2,494 మంది స్త్రీలపై జరిపిన అధ్యయనం 2005లో అచ్చయింది. తెల్లబట్ట అవుతోందని చెప్పినవాళ్లను పరీక్షలు చేసి ఊరుకోకుండా, ‘ఎందుకొచ్చిందనుకుంటున్నావమ్మా?’ అని కూడా అడిగారు. మనసులో ఒత్తిడి అన్నవాళ్లూ, ఒంట్లో వేడి అన్నవాళ్లూ... ఇన్‌ఫెక్షన్ అన్నవాళ్లకన్నా ఎక్కువే! పరీక్షల ఫలితాలు చూస్తే వాళ్ల మాట కొట్టిపారేసేదిగా లేదు. ఆ ఫిర్యాదుకు ఇన్‌ఫెక్షన్‌తో ఉన్న సంబంధం కన్నా దిగులు, ఒళ్లునొప్పులు, అలసటతో ఉన్న సంబంధమే బలంగా కనిపించింది. యాంటీబయాటిక్ కోర్సులు ఎన్ని వాడినా తగ్గకపోవడానికి ఇదో కారణం అన్నమాట.

ఎంతమంది? ఎందుకు?

పరిశోధన అనగానే మనకు గుర్తొచ్చేది అంకెలు. ఎంతమందికి జబ్బు వచ్చింది, ఎంతమందికి తగ్గింది. ఆ లెక్క ఉండాల్సిందే. అది లేకపోతే ఏ మందు పనిచేస్తుందో తెలీదు. నర్సులకు ఆదిగురువులాంటి ఫ్లోరెన్స్ నైటింగేల్ స్వయంగా అంకెల మనిషి. ఇంగ్లండ్‌లోని గణాంక శాస్త్రవేత్తల సంఘంలో సభ్యత్వం దొరికిన మొదటి మహిళ ఆమే. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకన్నా ఆసుపత్రి మురికి వల్లే ఎక్కువగా చనిపోతున్నారని పటాలు గీసి మరీ ప్రభుత్వానికి చూపించింది.

కానీ అంకె ‘ఎంతమంది’ దగ్గర ఆగిపోతుంది. షుగర్ మాత్రలు ఇంత శాతం మంది మధ్యలో మానేస్తున్నారని లెక్క తేలుతుంది. ఎందుకు మానేస్తున్నారు? మరచిపోయా? డబ్బుల్లేకా? మాత్ర వేసుకుంటే పనిలో కళ్లు తిరుగుతున్నాయనా? ఫ్యాక్టరీలో మాటిమాటికీ బాత్‌రూమ్‌కి పంపరనా? ప్రశ్నాపత్రంలో ఎ, బి, సి, డి అని నాలుగు జవాబులిస్తే ఆ నాలుగింట్లో ఒకటి వస్తుంది. అయిదోది ఉంటే అది ఎప్పటికీ రాదు.

ఆ అయిదో జవాబు కోసం చేసేదే గుణాత్మక పరిశోధన. మనుషుల్ని కూర్చోబెట్టి తీరిగ్గా మాట్లాడించడం, పదిమందిని గుంపుగా చేర్చి చర్చ పెట్టడం, వార్డులో ఓ మూల నిలబడి ఏం జరుగుతోందో రోజుల తరబడి గమనించడం... ఇవీ దాని పనిముట్లు. అబ్బే, ఇది విలేకర్లు చేసే పనే కదా అనిపించొచ్చు. తేడా ఏమిటంటే- ఇక్కడ ఎవరిని అడగాలి, ఎందుకు వాళ్లనే అడగాలి, చెప్పినదాంట్లోంచి ఒక నిర్ణయానికి ఎలా వచ్చామన్నది మెట్టు మెట్టుగా రాసి చూపించాలి. ఇంకొకరు ఆ కాగితాలు తిరగేసి ‘ఇది ఎక్కణ్నుంచి వచ్చింది?’ అంటే వేలు పెట్టి చూపగలగాలి.

అందరికీ తెలుసు... ఎవరూ మాట్లాడరు!

ఈ విద్యకు పునాదిరాళ్లలో ఒకటి పడ్డ చోటు విశ్వవిద్యాలయంలోని తత్వశాస్త్ర విభాగమో మరోటో అనుకుంటే పొరపాటే. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని నర్సింగ్ కళాశాల! 1960ల మొదట్లో ఆన్సెల్మ్ స్ట్రాస్, బార్నీ గ్లేజర్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు అక్కడ చేరారు. జీన్ క్వింట్ అనే నర్సు వాళ్లతో కలిసి పనిచేసింది. ముగ్గురూ ఆ చుట్టుపక్కల ఆసుపత్రుల వార్డుల్లో తిరిగారు. చావుకు దగ్గరైన రోగుల దగ్గర నర్సులు, డాక్టర్లు, బంధువులు ఎలా మసలుకుంటారో చూశారు, విన్నారు, రాసుకున్నారు.

1965లో వచ్చిన వాళ్ల పుస్తకంలో నాలుగు పరిస్థితులు వర్ణించారు. రోగికి తప్ప అందరికీ తెలియడం ఒకటి. రోగికి అనుమానం రావడం రెండోది. రోగికీ తెలుసు, చుట్టూ ఉన్నవాళ్లకీ తెలుసు, అయినా తెలియనట్టే అందరూ నటించడం మూడోది. నాలుగోది- తెలిసిన సంగతిని దాపరికం లేకుండా మాట్లాడుకోవడం.

ఆ మూడోదాన్ని చదివిన ఏ తెలుగువాడికైనా సొంత ఇల్లు గుర్తురాక తప్పదు. ‘నాన్నకు చెప్పలేదు. అల్సర్ అని చెప్పాం’ అని కొడుకు నర్సు చెవిలో ఊదుతాడు. ‘పిల్లలు బెంగపడతారమ్మా, నాకు తెలిసినట్టు చెప్పొద్దు’ అని ఆ నాన్నే రాత్రి డ్యూటీ సిస్టర్‌కి చెబుతాడు. మధ్యలో నలిగిపోయేది ఆ సిస్టర్. ఏ గుళిక ఎన్నింటికి ఇవ్వాలో ఆమెకు కాలేజీలో నేర్పారు. ఈ నాటకంలో తన పాత్ర ఏమిటో ఎవరూ నేర్పలేదు. నర్సింగ్ చదువులో మరణం గురించి ఏం చెబుతున్నారు, ఏం చెప్పడం లేదు అన్నదే జీన్ క్వింట్ 1967లో రాసిన పుస్తకం. అదే ఏడాది గ్లేజర్, స్ట్రాస్ తాము పనిచేసిన పద్ధతినంతా వివరిస్తూ ఇంకో పుస్తకం తెచ్చారు. ‘గ్రౌండెడ్ థియరీ’ అని పేరు. ముందే ఓ సిద్ధాంతం చేతబట్టుకుని రోగి దగ్గరికి వెళ్లొద్దు, రోగి చెప్పినదాంట్లోంచే సిద్ధాంతం మొలకెత్తనివ్వాలి అన్నది దాని సారం. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ గుణాత్మక పరిశోధన నేర్పినా ఆ పేరు వినబడుతుంది.

నడుంనొప్పి... ఆపరేషన్ బల్ల

మళ్లీ మన ఊరికొద్దాం.

మన దగ్గర ఆడవాళ్ల మాటను శాస్త్రంలా వినడం మొదలుపెట్టినవాళ్లలో ముందువరసలో చెప్పుకోవాల్సిన పేరు డాక్టర్ వీణా శత్రుఘ్న. పైన చెప్పుకున్న ఎన్ఐఎన్‌లోనే పనిచేశారు. డిప్యూటీ డైరెక్టర్‌గా రిటైరయ్యారు. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన సంస్థ అది. కొలవడం దాని వృత్తి. కొలిచే సంస్థలో ఉంటూనే వినడమూ తెలిసిన డాక్టరు ఆమె. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతికి పట్టుకుని, వాళ్ల జీవితాలను వాళ్ల నోటితోనే చెప్పించి స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది కదా, ఆ బృందంలో ఆమె ఒకరు. అది ఆరోగ్యం పుస్తకం కాదు. అయినా ఒక మనిషిని తొందరపెట్టకుండా, మధ్యలో అడ్డం పడకుండా ఎలా వినాలో తెలుగులో నేర్చుకోవాలనుకునే నర్సింగ్ విద్యార్థి ముందు చదవాల్సింది అదే. 1991లో ఆడవాళ్ల ఆరోగ్యం మీద తెలుగులో వచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ కూడా హైదరాబాద్ మహిళా బృందాలు ఇలాగే పదిమందీ కూర్చుని, అడిగి, చెప్పుకుని తయారుచేసిన పుస్తకమే.

ఆమె మరో ఇద్దరితో కలిసి 1990లో ‘ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో ఒక వ్యాసం రాశారు. దేని మీద? నడుంనొప్పి మీద! ఆర్థికవేత్తలు, రాజకీయ పండితులు చదివే పత్రికలో నడుంనొప్పి. ‘ఆడవాళ్లన్నాక ఉంటుందిలే’ అని ఇంట్లోనూ ఆసుపత్రిలోనూ పక్కకు నెట్టేసే ఆ నొప్పిని ఒక ప్రశ్నగా నిలబెట్టడమే అందులో విశేషం.

ఆ తరవాత కొలత కూడా తోడైంది. 2005లో ఎన్ఐఎన్ బృందం తక్కువ ఆదాయం గల కుటుంబాల్లోని 30 నుంచి 60 ఏళ్ల మహిళలు 289 మందికి ఎముకల పరీక్ష చేసిన ఫలితాలు వెల్లడించింది. వాళ్ల తిండిలో కాల్షియం రోజుకు సగటున 270 మిల్లీగ్రాములు. అప్పట్లో మనదేశంలో సిఫారసు చేసిన మోతాదు 400. (2020లో దాన్ని వెయ్యికి పెంచారు.) ఎముకలు గుల్లబారడం ధనిక దేశాల స్త్రీలకన్నా చాలా ముందే మొదలవుతోందని తేలింది. అంటే ఆ నొప్పి ఊహ కాదు. సోమరితనం అంతకన్నా కాదు. మాట ముందు చెప్పిన సంగతే యంత్రం తరవాత చెప్పింది.

ఈలోపు ఆ నడుంనొప్పికి బయట బజార్లో ఇంకో వైద్యం మొదలైపోయింది. గర్భసంచి తీసేయడం!

నడుంనొప్పి, తెల్లబట్ట, నెలసరిలో ఎక్కువగా కావడం... ఈ మూడింట్లో ఏదో ఒకటి చెప్పుకుని వెళ్లిన ముప్ఫై ముప్ఫై అయిదేళ్ల మహిళలు గర్భసంచి లేకుండా ఇంటికి రావడం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో మామూలైపోయింది. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ ఎస్.వి.కామేశ్వరి, వింజమూరి ప్రకాశ్‌ల ‘లైఫ్-హెచ్ఆర్‌జి’ సంస్థ ఈ మహిళలను కలిసి, వాళ్ల కథలు సేకరించి 2009లో ఒక అధ్యయనం బయటపెట్టింది. కేస్ షీట్లలో కనబడని సంగతులు అందులో కనిపించాయి. క్యాన్సర్ వస్తుందని భయపెట్టడం. ‘పిల్లలు పుట్టాక ఇక సంచితో పనేముంది’ అన్న మాట. నెలనెలా కూలి పోగొట్టుకోవడం కంటే ఒకేసారి తెగతెంపులు చేసుకోవడం నయమన్న లెక్క. ఆపరేషన్ కోసం చేసిన అప్పు. అన్నిటికీ మించి- దేనికోసం కోయించుకున్నారో ఆ నడుంనొప్పి అలాగే ఉండిపోవడం.

ఉండదా మరి! గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా ఆగిపోతుంది. అసలే కాల్షియం అంతంతమాత్రంగా ఉన్న ఎముకలు ఇంకా తొందరగా గుల్లబారతాయి. నొప్పికి వైద్యమని చేసింది నొప్పినే పెంచే దారి.

దేశం మొత్తమ్మీద ఎంతమందన్న లెక్క చాలా ఆలస్యంగా వచ్చింది. 2015-16 నాటి నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే! మూడింట రెండొంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగినవి. కారణం ఏమిటన్న ప్రశ్నకు సగం మందికి పైగా చెప్పిన జవాబు- అధిక రక్తస్రావం లేదా నొప్పి. సర్వే ఫారంలో అంతే పడుతుంది. భయపెట్టిన మాట, పోయిన కూలి, అప్పు కాగితం ఆ గడిలో పట్టవు. అవి తెలియాలంటే పల్లెకు వెళ్లి గడపలో కూర్చున్నవాళ్ల నోట్‌బుక్కే దిక్కు.

ఆ నోట్‌బుక్ ఊరికే పోలేదు కూడా. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో గర్భసంచి ఆపరేషన్లు వెల్లువెత్తడం మీద విమర్శలు రేగాక, ఆ పథకం కింద వాటిని ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేశారు. బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో ఇలాంటి ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. కేంద్రం 2022లో మార్గదర్శకాలు రూపొందించింది. వాటిని మూడు నెలల్లోగా అన్ని రాష్ట్రాలూ అమలులోకి తేవాలని 2023 ఏప్రిల్ 5న కోర్టు తీర్పునిచ్చింది.

పొరుగునే ఇంకో ఉదాహరణ ఉంది. ప్రాణహిత అవతలి ఒడ్డున ఉన్న గడ్చిరోలిలో డాక్టర్ రాణీ బంగ్, అభయ్ బంగ్ రెండు గ్రామాల్లోని 650 మంది స్త్రీలను పరీక్షించి, 1989లో ఫలితాలు ప్రచురించారు. 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉంది. అంతకుముందు ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నవాళ్లు 8 శాతమే! మిగతావాళ్లంతా ఏం చేశారు? ఓర్చుకున్నారు. ఎవరూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

నర్సులే ఎందుకంటే...

డాక్టరు రోగి దగ్గర గడిపేది నిమిషాలు. నర్సు గడిపేది షిఫ్టు మొత్తం. సెలైన్ మార్చేటప్పుడు, పక్క సర్దేటప్పుడు, అర్ధరాత్రి నిద్రపట్టక అటూఇటూ దొర్లేటప్పుడు మనిషి నోరు విప్పుతాడు. డాక్టరుగారి ముందు చెప్పడానికి మొహమాటపడ్డ మాట ‘సిస్టరమ్మా’ అని పిలిచి చెబుతారు. తెల్లబట్ట సంగతైతే చెప్పేదే ఆమెకు.

ఇంకో కోణం ఉంది. నర్సు తనకు తెలిసింది తనకే తెలియకుండా దాచుకుంటుంది. ఇరవై ఏళ్లు వార్డులో పనిచేసిన సిస్టర్ మంచం పక్కన నిలబడి ‘ఈయనకేదో తేడాగా ఉంది, డాక్టర్‌ని పిలవండి’ అంటుంది. మానిటర్‌లో అన్నీ బాగానే ఉంటాయి. గంట తరవాత ఆ మాటే నిజమవుతుంది. ఎలా తెలిసింది? అడిగితే ఆమె చెప్పలేదు. అమెరికాలో ప్యాట్రీషియా బెనర్ అనే నర్సు ఇలాంటి సిస్టర్ల అనుభవాలు వాళ్ల మాటల్లోనే సేకరించి, కొత్తగా చేరిన నర్సు నిపుణురాలిగా ఎదగడంలో అయిదు మెట్లున్నాయని 1984లో పుస్తకం రాసింది. అది నర్సింగ్ చదువునే మార్చేసింది. 1991లో జానిస్ మోర్స్ అనే మరో నర్సు గుణాత్మక ఆరోగ్య పరిశోధనకే ప్రత్యేకంగా ఒక పత్రిక పెట్టింది. ఇప్పటికీ వస్తోంది.

మనదేశంలో ఎమ్మెస్సీ నర్సింగ్ చదివే ప్రతి విద్యార్థీ ఒక పరిశోధన చేసి తీరాలి. ఆ రిపోర్టులున్న బీరువా తెరిస్తే సగానికి సగం ఒకే మూసలో కనిపిస్తాయి. ఫలానా విషయం మీద ఫలానా వాళ్లకున్న అవగాహన ఎంత? ముందు ఒక పరీక్ష పెట్టు. చార్టులు చూపించి పాఠం చెప్పు. మళ్లీ పరీక్ష పెట్టు. మార్కులు పెరిగాయి. పాఠం పనిచేసింది! పాఠం చెబితే మార్కులు పెరగక తగ్గుతాయా? అయినా ఇదే ఎందుకు ఎంచుకుంటారంటే- ఏడాదిలో అయిపోతుంది, లెక్క తేలిక, గైడుకు అలవాటు. వినడానికి టైం పడుతుంది. విన్నది రాయడానికి ఇంకా పడుతుంది.

ఉప్పల్-నాచారం లాంటి చోట ప్రశ్నలకేం కొదవ? ఒకటి చూడండి. ఈఎస్ఐ కింద ఉన్న కార్మికుడికి జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం దొరికే ఏర్పాటుంది. నెలనెలా జీతంలోంచి 0.75 శాతం, యజమాని వైపు నుంచి 3.25 శాతం జమయ్యేది అందుకే. అయినా జ్వరంతోనే డ్యూటీకి పోయే మనిషి ఉంటాడు. ఎందుకు? మిగతా 30 శాతం కోసమా? సూపర్‌వైజర్‌కి భయపడా? కాంట్రాక్టర్ ఇంకొకర్ని పెట్టుకుంటాడనా? కాగితాల కోసం తిరగలేకా? ఎంతమంది సెలవు పెట్టారో రికార్డులో ఉంటుంది. సెలవు పెట్టాలనుకుని ఆగిపోయినవాళ్ల రికార్డు ఎక్కడుంటుంది?

వినడం అంత తేలిక కాదు

పది ప్రశ్నలు రాసుకుని వెళ్లి అడిగేస్తే చాలనుకుంటారు చాలామంది. వెళ్తే మొదట వచ్చే జవాబు ఏంటో తెలుసా? ‘అంతా బాగనే ఉన్నదమ్మా.’ తెల్లకోటు వేసుకున్న మనిషి అడిగితే ఆసుపత్రి మీద చెడు ఎవరు చెబుతారు? రేపు మళ్లీ ఆ క్యూలోనే నిలబడాలి కదా. అందుకే అనుభవం ఉన్నవాళ్లు కోటు విప్పేసి వెళ్తారు. వార్డులో కాకుండా ఇంటి దగ్గరో, చెట్టు కిందో కూర్చుంటారు. పక్కన అత్త ఉంటే కోడలు ఒక కథ చెబుతుంది. అత్త నీళ్లకు వెళ్తే ఇంకో కథ చెబుతుంది. ఆ తేడా కూడా రాసుకోవాలి.

అంతకన్నా ముందు అనుమతులు. నైతిక విలువల కమిటీ ఒప్పుకోవాలి. 2017లో ఐసీఎంఆర్ ఇచ్చిన మార్గదర్శకాలున్నాయి. మాట్లాడే మనిషికి ఇదంతా దేనికో తెలుగులో విడమరచి చెప్పి, ఒప్పుకున్నాకే మొదలుపెట్టాలి. వద్దనుకుంటే మధ్యలో లేచిపోవచ్చు, వైద్యం ఏమీ ఆగదని చెప్పాలి. పేరు మారిస్తే సరిపోతుందా? చిన్న యూనిట్లో ఉన్న ఒకే ఒక్క మహిళా ఆపరేటర్ అని రాస్తే పేరు లేకపోయినా కంపెనీ అంతా గుర్తుపడుతుంది. పోయేది ఆమె ఉద్యోగం.

ప్రశ్నల్లోనూ కిటుకుంది. ‘మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా?’ అంటే అవునంటారు. ‘నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేశారో చెప్పండి’ అంటే మాత్ర ఎక్కడ తప్పిపోయిందో దానంతటదే బయటపడుతుంది. మధ్యలో మౌనం వస్తే కంగారుపడి ఇంకో ప్రశ్న వేయకూడదు. ఆ మౌనం తరవాతే అసలు మాట వస్తుంది. కొత్తవాళ్లకు అన్నిటికన్నా కష్టం ఇదేనట!

ఎంతమందిని అడగాలి? దీనికి వెయ్యి, రెండువేలు అన్న లెక్క లేదు. కొత్త సంగతి రావడం ఆగిపోయే వరకు అడగాలి. ఆఫ్రికాలోని ఘనా, నైజీరియాల్లో 60 మందితో జరిపిన సంభాషణలను అమెరికా పరిశోధకులు 2006లో తిరగేసి చూస్తే, ముఖ్యమైన విషయాలన్నీ మొదటి 12 మంది దగ్గరే వచ్చేశాయని తేలింది. ఒకే రకం పని, ఒకే రకం బతుకు ఉన్నవాళ్లైతేనే సుమా. ఉప్పల్లో తెలుగు కార్మికులు, ఒడియా కార్మికులు, కాంట్రాక్టు మహిళలు అని మూడు రకాలుంటే లెక్క మూడింతలు.

గంట రికార్డింగును అక్షరం పొల్లుపోకుండా రాయడానికి అయిదారు గంటలు పడుతుంది. దగ్గు, నవ్వు, ఏడుపు, ఆగిన చోటు కూడా రాయాలి. తరవాత పంక్తి పంక్తికీ ఒక చీటీ తగిలిస్తారు: ‘కూలి పోవడం’, ‘భయం’, ‘భర్త మాట’. ఒకే రకం చీటీలను ఒక దగ్గర చేరుస్తారు. ఇద్దరు విడివిడిగా చేసి, ఎక్కడ తేడా వచ్చిందో కూర్చుని వాదించుకుంటారు.

ఇంత చేసినా దీన్ని శాస్త్రమని ఒప్పుకోనివాళ్లున్నారు. ‘పదిహేను మంది చెబితే అది లోకమవుతుందా?’ అంటారు. న్యాయమైన ప్రశ్నే. పదిహేను మంది మాటతో రాష్ట్రంలో ఎంతమందికి ఈ కష్టం ఉందో చెప్పలేం. చెబితే అది తప్పు. అలా చెప్పేసేవాళ్లూ లేకపోలేదు. బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఇలాంటి వ్యాసాలకు ప్రాధాన్యం తక్కువని తిప్పిపంపుతుంటే, 2016 ఫిబ్రవరిలో 11 దేశాలకు చెందిన 76 మంది ఆచార్యులు దాని సంపాదకులకు బహిరంగ లేఖ రాశారు. ట్రిష్ గ్రీన్‌హాల్ అనే ఆక్స్‌ఫర్డ్ డాక్టరు అందులో ముందున్నారు. ఆ పత్రికే తన చరిత్రలో అచ్చేసిన మేటి వ్యాసాల్లో గుణాత్మకమైనవీ ఉన్నాయని గుర్తుచేశారు. వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

ఇలా తిరిగేవాళ్లందరూ చెప్పే సంగతి ఒకటుంది. అడగాల్సినవన్నీ అడిగాక ఆఖర్న ‘ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా?’ అనడం ఆనవాయితీ. ‘ఏం లేదమ్మా’ అంటారు. దండం పెట్టి రికార్డర్ ఆపేస్తారు. చాయ్ వస్తుంది. గ్లాసు చేతికిస్తూ, తలుపు వైపు ఒకసారి చూసి, అప్పుడు మొదలుపెడతారు: ‘‘ఇందాక చెప్పలే గానీ...’’

చాయ్ పక్కన పెట్టాలి. ‘‘ఇది కూడా రాసుకోనా అమ్మా?’’ అని మళ్లీ అడగాలి.